అజంతాకు ఆరాధకుల బెడద

వాఘోరా నది అర్ధచంద్రాకారమున మలుపు తిరుగు చోట నిటారుగా లేచిన కొండచరియలో, క్రీస్తుకు పూర్వమే శాతవాహనుల కాలమునఁ గొన్నియు, క్రీ.శ. 5వ శతాబ్దమున వాకాటక హరిషేణుని కాలమునఁ బెక్కులును తొలువఁబడిన అజంతా గుహలకు, గబ్బిలములవలనఁ గలిగిన హాని యెంతయైనను, వానిని మెచ్చి దరిఁజేరిన మనుష్యులవలనఁ గలిగిన హాని అంతకంటెఁ దక్కువ కాదని నా యభిప్రాయము.

1819లో వేటకు వచ్చి యీ గుహలఁ గనుఁగొన్న జాన్ స్మిత్ అను సైనికాధికారి, 10వ గుహలోని స్తంభముపైఁ దన పేరు గీసి పోయినాఁడు. 1844 మొదలు చిరకాలము శ్రమించి చిత్రకారుఁడు రాబర్ట్ గిల్ వ్రాసిన ప్రతికృతులలోఁ బెక్కులు 1866లో లండనునందును, 1872 మొదలు బొంబాయి కళాశాల విద్యార్థులతోఁ గూడి ఆ కళాశాల అధ్యాపకుఁడు గ్రిఫిత్స్ వ్రాయించినవానిలోఁ బెక్కులు 1885లో నచ్చటనే యగ్నికాహుతి యైనవి. మూలచిత్రములు స్పష్టముగాఁ గనఁబడవలెనని వారు పూసిన వార్నిషు మాత్రము గోడలపై నిలిచి, కాలక్రమమున వన్నె మాసి, చిత్రములను మఱుగుపఱచినది. పిదప ఆ ప్రాంతము నేలిన నిజాము ప్రభుత్వము ఇటలీనుండి నిపుణులను రప్పించి, ఊడిపోవు గచ్చును నిలిపినది. హైదరాబాదు పురావస్తుశాఖాధిపతి గులాం యజ్దానీ ఆ చిత్రములను గ్రంథరూపమున లోకమునకుఁ జూపినాఁడు. అయినను నాఁడు రక్షణార్థము పూసిన లక్కపూత సైతము పిమ్మటఁ బసుపువన్నెకుఁ దిరిగినది.

ఇవి తడి సున్నముపై వ్రాసి రాతివలె గట్టిపడిన చిత్రములు కావు. మట్టిలో పొట్టును నారయుఁ గలిపి మెత్తి, దానిపై పలుచని సున్నపుఁ బూత వేసి, అది ఆఱిన పిమ్మట బంకతోఁ గలిపిన రంగులతో వ్రాసినవి. అందువలననే గుంపులుగా వచ్చువారి ఊపిరి తేమయు, ఒడలి వేడిమియు, కాలి ధూళియు 1వ గుహలోని పద్మపాణి బోధిసత్త్వుని చిత్రమునకు నిత్యశత్రువు లగుచున్నవి.

అందుచేఁ జూడవచ్చువారిని తగ్గింపవలెనన్నచో, ప్రజల సొత్తును ప్రజలకే చూపకుండుట న్యాయమా యని కొందఱడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే, కాని యీ సొత్తునకు మన మనుమలును వారి మనుమలును కూడ హక్కుదారులు గదా! ఫ్రాన్సు దేశము 1963లో ప్రాచీన చిత్రములు గల లాస్కో గుహను ప్రజలకు మూసివేసి, 1983లో దానికి సమీపమునఁ బ్రతిగుహను నిర్మించి చూపుచున్నది. మనము అంతవఱకుఁ బోనక్కఱ లేదు. వాహనములను గుహలకు దూరముగ నిలుపుట, ఒక్కొక్క గుహలోనికి ఒకేసారి కొందఱినే పంపుట వంటి కట్టుబాట్లు ఇప్పటికే యున్నవి. వానిని సెలవు దినముల రద్దీలోను సడలింపక, చిత్రములున్న గుహలకు వంతులవారీగా విశ్రాంతి నిచ్చి, తీరికగాఁ జూడఁగోరువారికి సమీపముననే శ్రద్ధతో చేసిన ప్రతిరూపములను సిద్ధపఱచిన చాలును. ఇందువలన టికెట్ల రాబడి కొంత తగ్గవచ్చును, దూరమునుండి వచ్చినవాఁడు ఒకటి రెండు గుహలు చూడకయే తిరిగి పోవలసి యుండవచ్చును. ఆపాటి నష్టమును సహింపలేనివాఁడు అజంతాను మెచ్చినవాఁడు కాఁడు.