మఱుగున పడిన మధురగీతములు



పోయిన నెల చలికాలపు వంటలను గుఱించి వ్రాయుచు, ఈ నెల పాటలను గుఱించి ముచ్చటింతునని మాట యిచ్చియుంటిని. ఆ మాట చెల్లించుకొనుటకు ఇప్పుడు పూనుచున్నాను. నేను సంగీతవిదుషిని గాను. నాయనగారి యొద్ద భాగవతమును, వసుచరిత్రమును రాగయుక్తముగా చదువుట నేర్చితినే గాని సరళీస్వరములైన నెఱుగను. కావున ఇందు శాస్త్రచర్చ లేదు. మేము ఐదుగురు స్త్రీలము ఒక సాయంకాలము కూర్చుండి విన్న పాటలును, వానిని గుఱించి యెవరికి తోచినట్లు వారు పలికిన పలుకులును మాత్రమే కలవు.

ఇందులకు మొదటి కారణము వాన. 2025 ఆగష్టు నెలాఖరున మా కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టి మీలో చాలమందికి జ్ఞప్తియందుండును. రోడ్లు తెగినవి, రైలుకట్ట కోతపడినది. ఎల్లారెడ్డిలో మా చిన్నత్తగారి పాతయింటి కప్పు కాఱి, అటుకమీది సందుగుపెట్టె తడిసినది. నీరు తీసిన పిదప నేను పోయి, పెట్టెలోని చీరలను ఎండకు వేయుచుండగా, అడుగున పాతగుడ్డలో చుట్టిన రెండు గ్రామఫోను ప్లేట్లు కనబడినవి. ఒకటి రెండు చెక్కలైయున్నది. రెండవదానిమీది కాగితము నాని చెదిరినను ‘బాలసరస్వతి’ యను పేరు మాత్రము చదువ వీలైనది. అత్తగారి తండ్రిగారు ఎప్పుడో హైదరాబాదు పోయినపుడు కొని తెచ్చినవట. వాయించు యంత్రము ఏనాడో అమ్ముడుపోయినది. ప్లేట్లు మాత్రము నిలిచినవి. ఎనుబదినాలుగేండ్ల చిన్నత్తగారు ఆ ప్లేటును ఒడిలో పెట్టుకొని చాలసేపు మాటాడలేదు.

రెండు నెలలు తిరుగకమునుపే, అక్టోబరు 15వ తేదీన, రావు బాలసరస్వతీదేవి గారు తొంబదియేడేండ్ల వయస్సున హైదరాబాదులో కన్ను మూసిరి. పత్రికలన్నియు ఆమెను తెలుగు చలనచిత్రములలో మొదటి నేపథ్యగాయని యని కీర్తించినవి. అది యుక్తమే. కాని చిన్నత్తగారి పెట్టెలో నున్నట్టి పాటలను గుఱించి, అనగా ఏ సినిమాకును చెందక కేవలము గ్రామఫోనుకొఱకును, రేడియోకొఱకును పాడిన లలితగీతములను గుఱించి, ఒక్క వాక్యము వ్రాసి ముగించినవారే యెక్కువ. నాకది కొఱతగా తోచినది.

బాలసరస్వతీదేవి గారు 1928లో జన్మించిరి. ఆఱేండ్ల ప్రాయముననే గ్రామఫోనునకు పాడిరి. 1936 నాటి ‘సతీ అనసూయ’లో బాలనటిగా కనబడిరి. 1940లో గూడవల్లి రామబ్రహ్మము గారి ‘ఇల్లాలు’ చిత్రములో సాలూరి రాజేశ్వరరావు గారితో కలసి నటించి పాడిరి. 1943లో ‘భాగ్యలక్ష్మి’ చిత్రములో కమలా కోట్నీసునకు గొంతునిచ్చిరి. మద్రాసు రేడియోకేంద్రము 1938లో వెలసినది. అందు తెలుగు లలితసంగీతమునకు తొలి గొంతుక ఆమెదే యని పెద్దలందురు. రాజేశ్వరరావు గారు స్వరపఱచి, ఇరువురును కలసి పాడిన ‘కోపమేల రాధా’ వంటి పాటలు ఆ దశాబ్దములోనివి. ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’ చిత్రములకు సంగీతము కూర్చిన రాజేశ్వరరావు గారే వీరు. అప్పటికి ఆయన ఇరువదేండ్ల వాడు. ఆమె ఇంకను చిన్నది.

దీపావళి మఱునాడు కామారెడ్డిలో మా యింట అందఱము చేరితిమి. దొరకిన ప్లేటును వాయించుటకు యంత్రము లేదు గనుక, మా ఆడపడుచు కూతురు తన ఫోనులో ఆ పాతపాటలను వెదకి వినిపించినది. ఫోనును ఖాళీ రాగిచెంబులో నిలిపితిమి. ధ్వని కొంత పెరిగినది.

మొదట మాటాడినది మా పొరుగింటి వదినగారు. “బాణీ చక్కగా నున్నది. అది రాజేశ్వరరావు గారి గొప్పదనము. ఈమె గొంతు సన్నము. లీల, జిక్కి, భానుమతి మొదలగువారి యెదుట నిలువదు” అని తేల్చిరి. ఇట్టి యభిప్రాయము గలవారు పెక్కుమంది కలరని నే నెఱుగుదును.

బాలికల పాఠశాలలో సంగీతము చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులమ్మగారు ఊరకుండలేదు. “సన్నదనము లోపమెట్లగును? వీణతీగయు సన్నమే. గమకములు ఎన్నైన వేయగలిగియు, మాట మరుగున పడకుండ తగ్గించి పాడుట సులభమనుకొనుచున్నారా? నలువదియేండ్లు పిల్లలకు చెప్పితిని. కచేరీకీర్తన నేర్చినవారు దొరకిరి గాని, ఇంత తేలికగా నొక్క పల్లవి పాడినవారు దొరకలేదు” అనిరి.

ఆడపడుచు కూతురు డిగ్రీ చదువుచున్నది. ఆమె దాపఱికము లేక, “నాకు నిద్ర వచ్చుచున్నది. గరగర శబ్దము పాటకంటె ముందు వినబడుచున్నది. పైగా కన్నులకు చూచుట కేమియు లేదు. చూచుట కేమియు లేని పాటను మా స్నేహితురాండ్రకు పంపినచో ఎవరు వినెదరు?” అన్నది. మేము నవ్వితిమి గాని, ఆ పిల్ల పలికినదానిలో సత్యము కలదు. సినిమాపాటను సినిమా మోయును. పదేండ్ల కొకసారి ఆ చిత్రమును మరల చూపుదురు. పాట మరల బ్రతుకును. లలితగీతమున కట్టి వాహనము లేదు. ప్లేటు పగిలినచో పాట పోవును. రేడియోలో నాడు నేరుగా పాడినవానిలో పెక్కు గాలిలో కలసిపోయినవి.

చివరకు చిన్నత్తగారు నోరు తెఱచిరి. “గామె పాడ్తలేదు బిడ్డా. మన పక్కన కూసొని, చెవుల మెల్లగ చెప్తున్నది” అనిరి.

నేను ఆ రాత్రి ఈ మాటనే తలపోసితిని. అభిప్రాయములన్నిటిలో నాకదియే సారభూతముగా తోచినది. ఏలయన, 1925 ప్రాంతమునకు పూర్వము ప్లేటుపై పాట నెక్కించుటకు మైకు లేదు. గాయకుడు పెద్ద గొట్టము మూతికడ నిలిచి కేకవేసినట్లు పాడవలసియుండెను. మన నాటకములలోను అంతే. పద్యము చివరి వరుసలోని ప్రేక్షకునికి వినబడవలెను గనుక గొంతెత్తి రాగము సాగదీయుట అలవాటైనది. మైకు వచ్చిన పిదప గొంతు తగ్గించి, తల్లి బిడ్డతో మాటాడునంత మెల్లగా పాడినను వినబడు వీలు కలిగినది. లలితసంగీతము ఆ వీలునుండి పుట్టినది. అది రచ్చబండకొఱకు పుట్టినది గాదు; ఇంటికొఱకు పుట్టినది. దానిని రంగస్థలపు కొలపాత్రతో కొలిచి, ‘గొంతు సన్నము’ అనుట, సన్నజాజిని బంతిపూవుతో తూచి తక్కువ తూగెననుట వంటిది. మఱియు ఆ ప్లేటు నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగును. ఒక్కొక్క ప్రక్క పట్టునది మూడు నిమిషములకు కొంచెము మించిన కాలము. అంతలో పల్లవియు, చరణములును, భావమును ముగియవలెను. కుదించి చెప్పుటలోని కష్టము, చిన్న గిన్నెలో నలుగురికి చాలునట్లు వండిన గృహిణికి తెలియును.

వదినగారు చెప్పినట్లు బాణీ రాజేశ్వరరావు గారిదే. కాని ఇద్దఱు పాడిన పాటలో సగము ఒకరి కీర్తిలోనికి పోయి, రెండవ సగము ఎవరిదియు గాక మిగులుట ఏమి న్యాయము?

ఇచ్చట మఱొక సంగతి చెప్పవలసియున్నది. 1944లో ఆమె కోలంక జమీందారు గారిని వివాహమాడిరి. తరువాత కొన్ని యేండ్లు పాడిరి. ‘దేవదాసు’ (1953)లోను ఆమె గొంతు వినవచ్చును. కాని ఇంటివారి కిష్టము గాకపోవుటచే క్రమముగా సినిమాపాటలు మానుకొనిరని ఆమె జీవితమును వ్రాసినవారు చెప్పుచున్నారు. చాలకాలమునకు విజయనిర్మల గారు కోరగా ‘సంఘం చెక్కిన శిల్పాలు’ చిత్రములో మరల పాడిరి. గొంతు పండవలసిన నడివయస్సంతయు వెలి కెక్కువగా వినబడకయే గడచినది. మన చెవికి దక్కినవి చాలవఱకు ఆమె ముప్పదేండ్లలోపు పాటలే. ఆ గొంతు నలువదేండ్ల ప్రాయమున నెట్లుండెడిదో మన కెవ్వరికిని తెలియదు.

ఈ సంగతి వచ్చినపుడు గదిలో మాట లాగిపోయినవి. వదినగారు మెల్లగా, “రాజుల యిల్లు గదా” అనిరి. పంతులమ్మగారు, “రాజుల యిల్లే కానక్కఱలేదు” అనిరి.

నా సంగతి చెప్పుకొందును. పెండ్లియై ఎల్లారెడ్డి వచ్చిన నాటినుండి నేను గొంతెత్తి పద్యము చదివి యెఱుగను. నన్ను ఎవ్వరును వలదనలేదు. చదువుమని యడిగినవారును లేరు. ఉదయము పొయ్యి, బడికి క్యారియరు, పిల్లలు, అటుపై మావారికి కామారెడ్డికి బదిలీ, ఇట్లు పదునాలుగేండ్లు గడచినవి. బతుకమ్మనాడు పదిమందితో గొంతు కలుపుటయే నా సంగీతము. నిషేధించినవారి పేరైన చెప్పుకొనవచ్చును. అడుగక మఱచినవారి నేమని నిందింతుము? నేనే నన్ను అడుగలేదు.

ఆ రాత్రి అందఱు పోయిన పిదప చిన్నత్తగారు, “నీ పెండ్లిల మీ నాయన ఏదో పద్యం చదివిచ్చిండు గద, అది చదువు” అనిరి. ఆమెకు జ్ఞాపకమున్నది! గజేంద్రమోక్షములోని పద్యము. మొదటి పాదము చక్కగా వచ్చినది. రెండవపాదమున గొంతు బొంగురుపోయి తెగినది. మంచినీరు త్రాగి మరల మొదలుపెట్టితిని. మావారు చదువుచున్న పత్రికను మడిచి ప్రక్కన పెట్టిరి. మా అమ్మాయి వంటయింటి గుమ్మములోనికి వచ్చి నిలిచి, “అమ్మా, నీకు పాడవచ్చునా?” అని యడిగినది. దానికి పదుమూడేండ్లు. పదుమూడేండ్లు నా యొద్దనే పెరిగిన బిడ్డ యడిగిన ప్రశ్న యిది.

సోదరీమణులారా, మీ యిండ్ల అటుకలమీద ఇట్టి ప్లేట్లున్నచో పారవేయకుడు. అవి లక్కతో చేసినవి. చేయి జాఱిన పగులును. స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగును. మెత్తని పొడిబట్టతో గాడివెంట తుడిచి, ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా పెట్టవలెను. క్రొత్త యంత్రముల సన్నపుసూది వీనికి పనికిరాదు. ఆ ప్లేట్లకు తగిన వెడల్పుసూది గల యంత్రముపైననే వాయింపింపుడు. ఒకసారి వాయించినపుడే ఫోనులో ఎక్కించి పదిమందికి పంపుడు. బాలసరస్వతీదేవి గారి పాటలు వినని వారు తీఱిక వేళ, వంటయింటి చప్పుడు లేనపుడు, ఒక్కటి వినుడు. నచ్చినను, నచ్చకున్నను మీ యభిప్రాయము వ్రాయుడు. మా ఆడపడుచు కూతురివలె నిద్ర వచ్చినదని వ్రాసినను సంతోషమే.

ఇంకొక మాట. ప్లేట్లకంటె ముందు, మీ యింటిలోని పెద్దావిడను ఒక పాట పాడుమని యడుగుడు. పాట రాదనును. మరల నడుగుడు.

మా చిన్నత్తగారు సంక్రాంతికి వచ్చునప్పటికి ఆ పద్యమును నాలుగు పాదములును తెగకుండ చదువవలెనని నాకు గడువు పెట్టిపోయిరి. నిత్యము దీపము పెట్టిన తరువాత సాధన చేయుచున్నాను. మూడవపాదమువఱకు వచ్చినది.

వచ్చు నెల, ధాన్యమునకు పురుగు పట్టకుండ మన పెద్దలు పాటించిన ఉపాయములను గుఱించి వ్రాసెదను.