అమ్మమ్మ ఉంగరంలో వజ్రం

పిల్లలూ! మీ అమ్మమ్మగారి ప్రధానపుటుంగరంలో వజ్రం వుంటే, దాన్ని పైనుంచి సూటిగా చూడండి. నట్టనడుమ చిన్న గుండ్రటి చుక్క వున్నదా? అది మచ్చ కాదు. వెనుకటి పనివారు వజ్రం అడుగు మొనను కాస్త చదును చేసేవారు. ఆ చదునే పైకి అలా కనబడుతుంది. అంచు కూడా గుండ్రంగా కాక, మూలలు అరిగిన పలకలాగా వుంటే, అది చాలవరకు పాతకాలంలో చేతితో సానపట్టిన రాయే. ఇప్పటి గుండ్రని వజ్రానికి అడుగున మొన వాడిగా వుంటుంది; ముఖాలు సాధారణంగా 57.

"మెరుపు చాలదు, మళ్ళీ సాన పట్టిద్దాం" అని ఇంట్లో ఎవరైనా అంటే తొందరపడనివ్వకండి. మన పల్నాటి కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరును 1852లో లండనులో అలాగే సాన పట్టించారు. సుమారు 191 కారట్ల రాయి 105 కారట్లకు దిగిపోయింది! దాని పాత రూపం మరి తిరిగి రాలేదు. ఆ కొల్లూరు కూడా ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ క్రింద వున్నది.