నర్సింగ్ విద్యార్థినియేనా?

మీ వీధిలో ఒక అమ్మాయి నర్సింగ్ చదువుతున్నానని చెప్పి ఇళ్లకు వచ్చి సూదిమందు వేస్తున్నదనుకొందాం. ఏ సంవత్సరమని అడిగితే తడబడుతుంది. మీకు అనుమానం కలుగుతుంది. బి.ఎస్సీ. నర్సింగ్ 4 ఏళ్లు, జి.ఎన్.ఎం. 3 ఏళ్లు; తాను ఎన్నవ ఏట ఉన్నదో చెప్పలేకపోవడం వింతే. అయినా తడబాటును అబద్ధానికి రుజువుగా నేను అంగీకరించను. పెద్దల ఎదుట నోరు పెగలని నిజమైన విద్యార్థినులను వార్డులలో ఎందరినో చూశాను.

ఆమె మాట నిజమే అనుకోండి. పర్యవేక్షణ లేకుండా మీ ఇంట సూది వేయడం విద్యార్థిని చేయదగిన పని కాదు. యాంటీబయాటిక్ సూది వికటిస్తే నిమిషాలలో రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు. అప్పుడు కావలసిన అడ్రినలిన్ ఆమె సంచిలో ఉంటుందా? కనుక ఆమెను నలుగురిలో నిలదీయవద్దు, కార్డు చూపమని వేధించవద్దు. వైద్యుని చీటీ తీసుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, సూది అక్కడే వేయించుకోండి.