చెత్తడబ్బాలోంచి నౌకాదళం!

'స్టార్ వార్స్' (1977) చూశారుగా? మొదట్లోనే మన తలమీంచి, ఎంతసేపటికీ తరగకుండా సాగిపోతుందే, ఆ రాక్షస నౌక! దాని మోడల్ పొడవెంతో తెలుసా? అక్షరాలా మూడడుగులు! మన రాతబల్ల మీద పట్టేస్తుంది.

కాలిఫోర్నియాలో గ్రాంట్ మెక్యూన్ బృందం చేసిన పని ఇది: షాపుల్లో అమ్మే ప్లాస్టిక్ కిట్లు బోలెడు కొనేశారు. టాంకులు, విమానాలు, కార్లు. ఒక్కదాన్నీ డబ్బా మీది బొమ్మలా బిగించలేదు! టాంకు ముక్క ఓ చోట, ఇంజను ముక్క మరో చోట అంటించేశారు. అన్నిటికీ ఒకే రంగు కొట్టేసరికి ఏది దేని ముక్కో పోల్చుకోండి చూద్దాం!

అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. తళతళలాడే నౌకలు దర్శకుడు జార్జ్ లూకాస్‌కి వద్దు. వాడి వాడి నలిగినట్టుండాలి. అందుకే ఆ మసి, గీతలు, కాలిన మచ్చలూ. కొత్తగా మెరిసేది బొమ్మలా కనిపిస్తుంది. మాసినదానికి ఓ కథ ఉంటుంది. ఆ మురికిని చూసే మనం నమ్మేశాం. 1978లో ఆస్కారూ వచ్చింది. అందుకున్నవాళ్లలో మెక్యూన్ కూడా ఉన్నారు.

ఇప్పుడు కంప్యూటరు చేసే కొన్ని నౌకల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిన్ననే షోరూం నుంచి వచ్చినట్టుంటాయి!

మీ ఇంట్లో విరిగిన బొమ్మలుంటే పారెయ్యకండి. అతికించి బూడిదరంగు వెయ్యండి. బాగా ఆరాక పల్చటి నల్లరంగు పూసి, వెంటనే గుడ్డతో తుడవండి. సందుల్లో నలుపు నిలిచిపోతుంది. అంతే, మీ సైన్యం పదేళ్ల యుద్ధం చేసొచ్చినట్టే!