సంచిలో ఉండిపోయిన అప్పీలు



అధికారుల తప్పులను ఎత్తిచూపడంలో మన సంఘాలు ఏనాడూ వెనుకాడలేదు. అది మన విధి. కాని మన తప్పులను మనం ఎంతవరకు ఒప్పుకుంటున్నాం? ఈ ప్రశ్నకు ఇతరులను ఉదాహరణగా చూపడం న్యాయం కాదు గనుక మా తప్పునే మీ ముందు ఉంచుతున్నాం.

మేము బ్రాంచి కార్యదర్శి బాధ్యత చేపట్టిన తొలి రోజులవి. ఒక గ్యాంగ్‌మన్‌కు ఇంక్రిమెంటు నిలుపుదల చేస్తూ ఉత్తర్వు వచ్చింది. 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల ప్రకారం ఉత్తర్వు అందిన 45 రోజులలో అప్పీలు దాఖలు చేయాలి. తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సి.సి.ఎస్. నిబంధనలలోనూ గడువు అంతే. ఆ సోదరుడు మూడవ రోజుననే కాగితాలు మా చేతికిచ్చి, "మీరు చూసుకుంటారు గదండీ" అని నిశ్చింతగా వెళ్లిపోయాడు. వాటిని సంచిలో పెట్టుకున్నాం. గేటు మీటింగులు, చందా వసూళ్లు, మహాసభ ఏర్పాట్లు. యాభయ్యవ రోజున సంచి దులిపినప్పుడు ఆ కాగితాలు బయటపడ్డాయి.

అంతకన్న పెద్ద తప్పు ఆ తరువాత చేశాం. జాప్యానికి ఆఫీసు గుమాస్తాల నిర్లక్ష్యమే కారణమని బ్రాంచి సమావేశంలో చెప్పాం. సభ్యులు నమ్మారు. ఆ గ్యాంగ్‌మన్ మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని నెల రోజులకు మించి మోయలేకపోయాం. మరుసటి సమావేశంలో నిజం చెప్పి, రాజీనామా చేస్తామన్నాం. ఒక వృద్ధ సభ్యుడు లేచి, "రాజీనామాతో మీ బరువు దిగుతుందేమో గాని అతని ఇంక్రిమెంటు రాదు. ముందు ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు రాయండి" అన్నారు. రాశాం. తగిన కారణం చూపలేదని తిరస్కరించారు. తగిన కారణం మావద్ద నిజంగానే లేదు.

మతిమరుపు ఇందులో చిన్న విషయం. ప్రతి కాగితమూ మా చేతి మీదుగానే సాగాలన్న అభిమానమే అసలు దోషమని ఆనాడు గ్రహించాం. అప్పటి నుండి అప్పీళ్లకు ఒక రిజిస్టరు పెట్టాం. గడువు తేదీ మొదటి గడిలో రాశాం. ప్రతి కేసుకు ఇద్దరిని బాధ్యులను చేశాం. వారిలో ఒకరు తప్పనిసరిగా యువ కార్యకర్త. నిబంధనల పుస్తకం మా బల్ల సొరుగు విడిచి అందరి చేతులలోకి వెళ్లింది.

ఇది మన ఉద్యమానికి కొత్త పాఠం కాదు. 1974లో జార్జి ఫెర్నాండెజ్ ప్రభృతులను మే 2ననే నిర్బంధించినా, మే 8న రైల్వే సమ్మె ఆగలేదు. పెద్ద నాయకులు జైళ్లలో ఉండగా షెడ్లలో, స్టేషన్లలో, కాలనీలలో చరిత్రకెక్కని కార్యకర్తలు దానిని మే 27 వరకు నిలబెట్టారు. ఒక్కని సంచిలో ఇమిడిపోయే సంఘమైతే అది సాధ్యమయ్యేదా?

కనుక ప్రతి బ్రాంచి కార్యదర్శికి మా మనవి ఇది: రాబోయే సమావేశంలో పెండింగు అప్పీళ్లను, వాటి గడువు తేదీలను పైకి చదవండి. ఏదైనా గడువు మీ వల్ల దాటిపోయి ఉంటే ఆ మాట కూడా చదవండి. సభ్యులు కోపగించవచ్చు. ఆ కోపం న్యాయమైనదే. దానిని సహించి, ఆ రాత్రే తరువాతి దరఖాస్తు రాయడానికి కూర్చోండి.