మనది కాని గొప్ప

2024 జనవరిలో మన విదేశాంగ మంత్రి టెహ్రాన్ వెళ్లి, కొత్త విద్యావిధానంలో ఫార్సీని భారతదేశపు తొమ్మిది ప్రాచీన భాషల్లో ఒకటిగా చేర్చుకున్నామని ప్రకటించి వచ్చారు. మంచి పని. తెలుగుకు 2008లో అలాంటి హోదా దక్కాక ఏం ఒరిగిందో చూసినవాళ్లం గనుక ఫార్సీ పండితులకు ముందు సానుభూతి, ఆ తర్వాతే అభినందన.

మన బాధ వేరే. ఆ ప్రకటన తర్వాత ఏ వేదిక మీద ఫార్సీ మాట వచ్చినా వినిపిస్తున్నది ఒకటే పాఠం. పంచతంత్రం అక్కడికి పోయి ‘కలీలా వ దిమ్నా’ అయింది, దారా షికో ఉపనిషత్తుల్ని ఫార్సీలోకి తెచ్చాడు, 1932లో రవీంద్రుడు ఇరాన్ వెళ్లాడు. చివరికి వచ్చేసరికి, ఆధునిక ఫార్సీ నవల కూడా మన చలవేనట! సాదెక్ హెదాయత్ ‘గుడ్డి గుడ్లగూబ’ బొంబాయిలో వెలువడింది కదా, అందులో యోగి ఉన్నాడు, తామర ఉంది, కాశీ ఉంది, ఇంకేం కావాలి? సభలో చప్పట్లు.

ఆధునిక ఇరానీ కథల ప్రత్యేక సంచిక ఒకటి తలపెట్టి, ఈ మధ్య ఒక సాంస్కృతిక సంస్థను సాయం అడిగాం. ‘భారతీయ ప్రభావం కనిపించే కథలైతే చూద్దాం’ అన్నారు. సాయం రాలేదు, సలహా మాత్రం వచ్చింది. ఆ ఉక్రోషంతోనే ఇది రాస్తున్నామని ఎవరైనా అంటే కాదనం. కానీ ఆ ప్రభావం ఎలాంటిదో పుస్తకాలు తెరిచి చూసినవాళ్లు ఎందరన్నది మా ప్రశ్న. తెలుగు పాఠకుడికి ఫార్సీ అంటే దువ్వూరి ‘పానశాల’, జాషువా ‘ఫిరదౌసి’. అంటే పదకొండు, పన్నెండు శతాబ్దాల దగ్గరే మన బండి ఆగిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు ఫార్సీ వచనం మనకు వినికిడి సరుకు.

సరే, తెరుద్దాం. ‘గుడ్డి గుడ్లగూబ’ కథకుడు కలాలు దాచుకునే కలందానుల మీద బొమ్మలు వేసేవాడు. ఎన్ని వేసినా ఒకటే బొమ్మ: సరివి చెట్టు కింద భారతీయ యోగిలా కూర్చున్న ముసలాడు, వాగుకు ఇవతల అతనికి పువ్వు అందిస్తున్న నల్లబట్టల పిల్ల. ఆ కలందానుల్ని అతని చిన్నాన్న ఇండియాలో అమ్మి డబ్బు పంపుతుంటాడు. మన గర్వానికి ఇంతవరకు చాలు, అందరూ ఇక్కడే ఆగుతారు. కాస్త ముందుకు వెళితే కథకుడి పుట్టుక వస్తుంది. తల్లి పేరు బూగామ్ దాసి, కాశీలో లింగం గుడి నాట్యకత్తె. వ్యాపారానికి వెళ్లిన కవల అన్నదమ్ములిద్దరూ, అతని తండ్రీ చిన్నాన్నా, ఆమె మోజులో పడతారు. ఆమె పెట్టిన షరతు మీద ఇద్దర్నీ నాగుపాముతో పాటు చీకటి గదిలో వేసి తలుపు మూస్తారు. ఒకడు బయటికి వస్తాడు, జుట్టంతా తెల్లబడి, మతి పోయి. వాడు తండ్రో చిన్నాన్నో తేలదు. తల్లి కొడుక్కి వదిలిపోయిన ఆస్తి ఒక సీసా ద్రాక్షసారా, అందులో కలిపింది నాగుపాము విషం.

ఇది మన తత్త్వశాస్త్రమా? మన వేదాంతం ఇరాన్ గడప తొక్కిన తీరు ఇదేనా? బయట నుంచి చూసేవాడి కలలో ఇండియా ఎలా ఉంటుందో అలా ఉంది: ఆడది, గుడి, పాము, విషం. హెదాయత్ గొప్ప రచయిత గనుక ఆ కల భయంకరంగా అందంగా ఉంది, అది వేరే సంగతి.

ఒక్క నవలతో తీర్పు చెప్పకూడదంటే ఇంకొన్ని చూద్దాం. సిమీన్ దానేష్వర్ ‘సువషూన్’ 1969లో వచ్చింది. ఇరానీ స్త్రీ రాసిన మొదటి నవలగా దానికి పేరు. రెండో ప్రపంచయుద్ధ కాలపు షీరాజ్‌లో జరిగే కథ. నాయకుడు యూసుఫ్ తండ్రి పెద్ద మతపండితుడు. ఆయన ఇల్లు గుల్ల చేసింది ఎవరు? సూదాబె అనే భారతీయ నాట్యకత్తె. ఆయన ఆమె వలలో పడితే, భార్య కర్బలా వెళ్లిపోయి అక్కడే కన్నుమూస్తుంది. అదే షీరాజ్‌ను తీసుకుని సాదెక్ చూబక్ 1966లో ‘సంగె సబూర్’ రాశాడు. ఊళ్లో వేశ్యల్ని విషం పెట్టి చంపుతూ పోయే సైఫుల్ కలం అందులో ఇండియా నుంచి వచ్చినవాడు. ఇక ఇరజ్ పెజెష్క్‌జాద్ 1973 నాటి హాస్యనవల ‘దాయి జాన్ నెపోలియన్’లో ఆంగ్లేయులు తనను పట్టుకోబోతున్నారని నిత్యం వణికే మావయ్యకు పక్కింటి సర్దార్ మహారత్ ఖాన్ మీద అనుమానం. కారణం? ఆ సర్దార్ భారతీయుడు, పెళ్లాం ఇంగ్లీషామె. ఇంకేం సాక్ష్యం కావాలి?

నాట్యకత్తె, విషగాడు, గూఢచారి. ప్రభావం వెతికే పెద్దలు ఈ ముగ్గుర్నీ కూడా వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారా?

ఇది ఇరానీ రచయితల దుర్బుద్ధి అని మేం అనం. దక్షిణ ఇరాన్ వాడికి రెండు శతాబ్దాలుగా కనిపించిన ఇండియా యూనిఫారంలో ఉంది. బుషెహర్‌లోని బ్రిటిష్ రెసిడెంటు తొలుత బొంబాయి ప్రభుత్వానికి, ఆ తర్వాత భారత ప్రభుత్వానికి జవాబుదారీ. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, షీరాజ్ ప్రాంతాన్ని అదుపులో పెట్టడానికి సైక్స్ దొర ‘సౌత్ పర్షియా రైఫిల్స్’ దళం కట్టినప్పుడు వెన్నుదన్ను భారతీయ సిపాయిలే. 1941 ఆగస్టులో దక్షిణాన చొరబడ్డ బ్రిటిష్ సైన్యంలో ఎక్కువభాగం భారతీయ డివిజన్లు. ఆ ఆక్రమణలో తిండిగింజలు సైన్యాలకు పోయి, జనం ఆకలితో అల్లాడారు. ‘సువషూన్’ కథ నడిచేది ఆ ధాన్యం చుట్టూనే: సైన్యానికి గింజలు అమ్మనన్నందుకే యూసుఫ్ చనిపోతాడు. ఆ నవలను చేతిలో పెట్టుకుని భారతీయ ప్రభావం గురించి మాట్లాడాలంటే ముందు గొంతులో అడ్డుపడాల్సింది సిగ్గు. మన వాళ్లు పొట్టకూటికి తొడుక్కున్న యూనిఫారం అని మనం అనుకోవచ్చు. తుపాకీ ఎదురుగా నిలబడ్డవాడికి ఆ తేడా ఎందుకుంటుంది?

హెదాయత్ మీదికి మళ్లీ వస్తే, ఆయన బొంబాయి ఎందుకు వచ్చాడు? 1936లో వచ్చి ఏడాది లోపే వెళ్లిపోయాడు. ఇక్కడ చేసిన ముఖ్యమైన పని బెహ్రామ్‌గోర్ అంక్లేసరియా అనే పార్సీ పండితుడి దగ్గర పహ్లవీ నేర్చుకోవడం. ఇరాన్‌లో అడుగంటిన పాత ఇరానీ భాషను బొంబాయి పార్సీలు కాపాడుకున్నారు గనుక, తన దేశాన్ని తాను వెతుక్కుంటూ ఆయన సముద్రం దాటాడు. మైసూరు దివాను మీర్జా ఇస్మాయిల్ అతిథిగా అక్కడికి వెళ్లాడు, ఫ్రెంచిలో ఇండియా నేపథ్యంగా రెండు చిన్న కథలు రాశాడు. అంతే. మాంసం మానడం మన దగ్గర నేర్చుకున్నాడని కొందరు మురిసిపోతారు. శాకాహారం మీద ఆయన పుస్తకం 1927లోనే బెర్లిన్‌లో అచ్చయింది. ‘గుడ్డి గుడ్లగూబ’లో బుద్ధచరితపు నీడలు చూపించిన ఇరాజ్ బషీరీ లాంటి విద్వాంసులున్నారు, ఉండనివ్వండి.

మరి ఇండియా ఆధునిక ఫార్సీ వచనానికి ఇచ్చింది ఏమీ లేదా? ఉంది. చాలా ఉంది. అది తామరపువ్వులో దొరకదు, అచ్చుయంత్రంలో దొరుకుతుంది. టెహ్రాన్‌లో ఇక ఏమీ ప్రచురించనని అధికారులకు మాటివ్వవలసి వచ్చిన హెదాయత్ బొంబాయిలో ‘గుడ్డి గుడ్లగూబ’ను చేత్తో రాసి, సుమారు యాభై ప్రతులు సైక్లోస్టైల్ తీయించుకున్నాడు. ‘ఇరాన్‌లో అమ్మకానికి, ప్రచురణకు కాదు’ అని దాని మీదే రాశాడు. రెజా షా గద్దె దిగిన 1941 దాకా ఇరాన్ పత్రికల్లో అది వెలుగు చూడలేదు. ఆ యాభై ప్రతులే మన చలవ. లోపలి పాము ఆయన సొంతం.

ఇది ఒక్కడి కథ కూడా కాదు. కజార్ షాల పాలనను ఎండగట్టిన ‘హబ్లుల్ మతీన్’ పత్రిక 1893 నుంచి కలకత్తాలో అచ్చయ్యేది, దొంగతనంగా ఇరాన్ చేరేది. ప్రవాసంలో ప్రాణం వదిలిన మీర్జా హబీబ్ ఇస్ఫహానీ చేసిన ‘హాజీ బాబా’ నవల అనువాదం మీద ఆధునిక ఫార్సీ వచనం సగం నిలబడి ఉంది. ఆ పుస్తకం 1905లో అచ్చయిందీ కలకత్తాలోనే. సినిమా కూడా అంతే. తొలి ఫార్సీ టాకీ ‘దొఖ్తరె లోర్’ 1933లో బొంబాయి ఇంపీరియల్ కంపెనీలో తీసింది అర్దేషిర్ ఇరానీ. ‘భక్త ప్రహ్లాద’ నిర్మాత కూడా ఆయనే గనుక, తెలుగువాడూ ఇరానీవాడూ తెర మీద తొలిసారి నోరు విప్పింది ఒకే మనిషి పెట్టుబడితో. (ఫార్సీ టాకీలో నాట్యకత్తె మాత్రం అచ్చమైన ఇరానీ పిల్ల. లెక్క సరిపోయింది.) ఇంకా వెనక్కి వెళితే, ఇరానీ పండితులు ఇప్పటికీ తిరగేసే ‘బుర్హానె ఖాతె’ నిఘంటువు 1651–52 ప్రాంతంలో తయారైంది మన గోల్కొండలో, అబ్దుల్లా కుతుబ్ షా నీడన.

తన దేశంలో రాయలేనిదాన్ని వచ్చి రాసుకోనిచ్చిన చోటు, అచ్చువేసుకోనిచ్చిన చోటు: ఇండియా చేసిన మేలు ఇది. ఎవరి ఆత్మలోనూ దూరలేదు, ఎవరికీ ఉపదేశం ఇవ్వలేదు. కాగితం, సిరా ఇచ్చింది. గోల్కొండను పక్కన పెడితే, తెల్లవాడి పాలనలోనే ఇచ్చిందన్నది కూడా మింగుడుపడని నిజమే.

వేదికల మీద ఎవరూ ఈ సంగతి ఎత్తరు. ఎత్తితే తర్వాతి ప్రశ్న వస్తుంది గనుక: ఆ చోటు ఇప్పుడూ ఉందా? 2006లో ఇరాన్ ప్రభుత్వం హెదాయత్ పుస్తకాల్ని కత్తిరింపులు లేకుండా మళ్లీ అచ్చువేయడానికి వీల్లేదంది. మన పత్రికలు దాన్ని ఛాందసమని తిట్టాయి, తిట్టాల్సిందే. కానీ ‘సెటానిక్ వెర్సెస్’ నవలను ముందు ఆపింది టెహ్రాన్ కాదు. 1988 అక్టోబరులో ఢిల్లీ దాని దిగుమతిని నిషేధించింది. ఖొమేనీ ఫత్వా 1989 ఫిబ్రవరిలో వచ్చింది. మనం వాళ్లకన్నా నాలుగు నెలలు ముందు. సాంస్కృతిక సంబంధాల జాబితాలో పంచతంత్రం పక్కన దీన్ని కూడా రాసుకోవాలి. 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు అడిగితే ఆ నిషేధపు ఉత్తర్వు కాగితాన్ని ప్రభుత్వం చూపించలేకపోయింది. ఉత్తర్వే లేదనుకోవలసి వస్తోందని చెప్పి కోర్టు కేసు మూసేసింది. ముప్ఫై ఆరేళ్లు ఈ దేశం ఒక నవలను ఎవరికీ దొరకని కాగితం చూపించి ఆపింది.