ఊపిరితిత్తులకు పరీక్ష సరే, మతిమరుపు మాటేమిటి?

సింగరేణి కార్మికుడికి సర్వీసున్నంత కాలం పీఎంఈ (పీరియాడిక్ మెడికల్ ఎగ్జామినేషన్) తప్పదు. నిర్ణీత కాలానికోసారి పిలిచి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, కళ్లూ చెవులూ చూస్తారు, బీపీ రాసుకుంటారు. దిగిపోయిన రోజుతో ఆ పిలుపు ఆగిపోతుంది. మతి మసకబారే వయసు ఆ తర్వాతే వస్తుంది.

రిటైరైన దంపతులకు వైద్య కార్డు ఉంది, గోదావరిఖనిలో ఏరియా ఆసుపత్రీ ఉంది. కానీ అవి జబ్బని తెలిసి వచ్చేవారికే పనికొస్తాయి. అక్కడి లక్ష్మీనగర్‌లో కూరగాయలు కొని సంచి అక్కడే మరిచి వస్తే ‘వయసు మీద పడ్డది’ అంటాం, అడిగిందే అడిగితే చాదస్తమంటాం. ఈ మరుపు వయసుకు మించి ఉంటే డాక్టర్లు దాన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, క్లుప్తంగా ఎంసీఐ అంటారు. రోజువారీ పనులు సాగుతూనే ఉంటాయి కనుక ఇది డిమెన్షియా కాదు. అందరిలోనూ డిమెన్షియాగా ముదరదు. బీ12 లోపమో, థైరాయిడో, దిగులో కారణమైతే తగ్గే అవకాశం కూడా ఉంది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అది మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. ఈ మాట బొగ్గు బెల్టుకు గట్టిగా తగులుతుంది. ఇక్కడి సంసారాలు షిఫ్టుల మీద నడిచాయి. మొదటి షిఫ్టుకు తెల్లారకముందే లేచి టిఫిన్ కట్టింది ఇల్లాలు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే పిల్లల్ని అరవనివ్వనిది ఆమె. చిట్టీలు, కిరాణా ఖాతా, చుట్టాల పెళ్లిళ్లు అన్నీ ఆమె తలలోనే ఉండేవి. ఆమెకే మరుపు మొదలైతే, పప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మాజీ కోల్ ఫిల్లర్ ఇల్లు నెట్టుకురావాలి.

‘నిన్ననే చెప్పిన గదనే!’

‘నాకెప్పుడు చెప్పినవయ్యా?’

ఈ వాదనలో గెలిచి ఆయనకు ఒరిగేదేమీ లేదు. చెప్పాల్సింది గోడ క్యాలెండర్ మీద రాసిపెడితే రెండు పూటల కొట్లాట తప్పుతుంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని గరిటె లాక్కోవడం కంటే, పక్కన నిలబడి ఉప్పు తానే అందించడం మేలు. చేసే పని చేతిలో ఉన్నంతకాలం ఆమెకు ధైర్యం ఉంటుంది.

డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా 14 కారణాలను అదుపు చేస్తే నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు అని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. వినికిడి లోపం, గాలి కాలుష్యం, బీపీ, షుగర్, చదువు లేకపోవడం... జాబితా చదువుతుంటే రామగుండం గుర్తుకు రాక మానదు. డ్రిల్లింగ్ మోతలో చెవులు పోగొట్టుకున్నవారే ఇక్కడ చెవి మిషన్ పెట్టుకోవడం నామోషీ అనుకుంటారు.

ఇంకో తొందర కూడా ఉంది. ఇచ్చినవారి మతిస్థిమితం తప్పితే పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ సారాంశం. కాబట్టి జాయింట్ ఖాతా, నామినీ, వీలునామా పనులన్నీ తెలిసి సంతకం పెట్టగలిగిన ఈ దశలోనే పూర్తి చేసుకోవాలి. డాక్టరు చీటీ చూపి ‘నాయినకు మతి లేదు’ అంటూ గ్రాట్యుటీ డబ్బుల మీద పెత్తనం చేసే కొడుకులూ ఉంటారు. ఎంసీఐ ఉన్న మనిషి సాధారణంగా తన నిర్ణయం తాను తీసుకోగలడని వారికి చెప్పాల్సింది డాక్టర్లే.

పింఛనుదారు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎలాగూ ఇస్తాడు. ఆ నెలలోనే దంపతులిద్దరినీ ఆసుపత్రికి పిలిచి జ్ఞాపకశక్తి, వినికిడి పరీక్షలు చేస్తే పోయేదేముంది? ఐసీఎంఆర్ రూపొందించిన పరీక్షలు తెలుగులోనే ఉన్నాయి. శిక్షణ పొందిన నర్సు చాలు. చూసుకుంటున్న భర్తనో భార్యనో పక్కకు పిలిచి ‘నీకు నిద్ర పడుతోందా’ అని అడిగే మనిషి కూడా కావాలి. కొత్త గనులకు పెట్టే ఖర్చు ముందు ఇదెంత? కానీ గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికల్లో దిగిపోయినవారికి ఓటు లేదు. 2023 డిసెంబరులో జరిగిన ఎన్నికల్లోనూ లేదు. యూనియన్లు అడగకుండా యాజమాన్యం తనంతట తాను చేస్తుందని ఇక్కడ ఎవరూ నమ్మరు.